సింబా ఏ కాలం వాడు?

యానిమేషన్ సినిమాల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే మొదటి పది నిమిషాలు మర్యాదగానే గడుస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు, ‘ఎన్నయినా చెప్పండి, చేత్తో గీసిన బొమ్మ అందం కంప్యూటర్ బొమ్మకు రాదు’ అంటారు. ఇక చూడాలి సందడి. ఒకరు ‘ది లయన్ కింగ్’ జెండా ఎత్తుతారు. ఇంకొకరు ‘టాయ్ స్టోరీ’ని అడ్డం వేస్తారు. అప్పటిదాకా మూల కూర్చుని ఫోన్ చూసుకుంటున్న గడ్డం కుర్రాడు జపాన్ దర్శకుడు మియజాకీ పేరెత్తి, మిగతావాళ్లను జాలిగా చూస్తాడు. అందరిలోకీ పెద్దాయన ‘స్నో వైట్’ ముందు ఇవన్నీ దిగదుడుపేనని తేల్చేస్తాడు. ఇదే గొడవ ఇంట్లో జరిగితే మరీ రక్తి కడుతుంది. బాబాయిది దూరదర్శన్ పక్షం, అక్కది క్యాసెట్ పక్షం, అక్క కూతురిది ‘ఫ్రోజెన్’ పక్షం. ఆ పిల్ల పక్షానికి సంఖ్యాబలం లేకపోయినా గొంతు బలం ఉంటుంది.

ఎంత పోట్లాడుకున్నా వీళ్లంతా ఒక మాట మీద మాత్రం ముందే రాజీపడి బరిలోకి దిగుతారు: ప్రతి సినిమాకూ ఒక కాలం ఉంది, అది విడుదలైన సంవత్సరమే ఆ కాలం. అభిమానులు, విమర్శకులు కలిసి ఆ లెక్కనే యుగవిభజన కూడా చేసిపెట్టారు. 1937 నుంచి 1942 దాకా డిస్నీ స్వర్ణయుగం. 1989లో వచ్చిన ‘ది లిటిల్ మెర్మెయిడ్’ నుంచి 1999లో వచ్చిన ‘టార్జాన్’ దాకా పునరుజ్జీవనం. దానికి ముందు ఒక చీకటి యుగం, దాని పక్కనే పిక్సార్ వైభవం. పాఠ్యపుస్తకంలో శాతవాహనులు, చాళుక్యులు, కాకతీయులు వరుసగా వచ్చి వెళ్లినట్టు ఇవీ వచ్చి వెళ్తాయి. చదువుకోవడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇంటిల్లిపాదీ చూసే బొమ్మల సినిమాకు తన విడుదల తేదీ మీద ఏమాత్రం గౌరవం లేదు.

‘స్నో వైట్’నే తీసుకోండి. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లోని కార్తే సర్కిల్ థియేటర్‌లో తొలి ప్రదర్శన. అది తయారవుతున్నంత కాలం హాలీవుడ్ దాన్ని డిస్నీ వెర్రి కింద జమకట్టింది. అప్పటికి కార్టూన్ అంటే అసలు సినిమాకు ముందు వేసే ఏడెనిమిది నిమిషాల ముక్క. దానికి దాదాపు 15 లక్షల డాలర్లు తగలేసి, గంటకు పైగా జనాన్ని కూర్చోబెడతానంటే నవ్వరా మరి? జనం కూర్చున్నారు, ఏడ్చారు కూడా. వాల్ట్ డిస్నీకి 1939లో ఒక పెద్ద ఆస్కార్ బొమ్మనూ, దాని పక్కన ఏడు చిట్టి బొమ్మలనూ కలిపి ఇచ్చారు. ఈ సంగతులు అభిమానులందరికీ కంఠోపాఠమే. కానీ కథ అక్కడ ఆగలేదు. యుద్ధకాలంలో చేతిలో డబ్బాడక 1944లో డిస్నీ సంస్థ ఆ సినిమానే మళ్లీ థియేటర్లకు పంపింది. మళ్లీ డబ్బులొచ్చాయి. ఈ ఏడాది చూసిన పసివాడు పెద్దవాడయ్యేలోగా కొత్త పసివాళ్లు పుడతారన్న కిటుకు కంపెనీకి బాగా వంటబట్టింది. 1952, 1958, 1967, 1975, 1983, 1987, 1993. ఇన్నిసార్లు ‘స్నో వైట్’ మళ్లీ మళ్లీ విడుదలైంది. ఇంటి వీడియోగా వచ్చింది 1994లోనే.

అంటే అమెరికాలో ఒక అమ్మమ్మకు అది 1937 సినిమా. ఆమె కూతురికి 1958 సినిమా, మనవరాలికి 1983 సినిమా. ముగ్గురూ ఆరేళ్ల వయసులో, పెద్ద తెరమీద, కొత్త సినిమాలాగే చూశారు. దాన్ని ఏ యుగం అరలో పెట్టాలి?

స్వర్ణయుగంలో మిగతా సినిమాల సంగతి ఇంకా తమాషా. 1940లో వచ్చిన ‘పినోకియో’, ‘ఫాంటసియా’ రెండూ ఆ ఏడు చేతులు కాల్చాయి. యూరప్ మార్కెట్‌ను యుద్ధం మింగేసింది. 1942 నాటి ‘బాంబీ’ కూడా మొదటి విడుదలలో గట్టెక్కలేదు. ‘ఫాంటసియా’ అయితే, సంగీత కచేరీకి బొమ్మలేమిటని సంగీతజ్ఞులు, బొమ్మల సినిమాలో ఈ కచేరీ ఏమిటని పిల్లలు, ఇద్దరూ పెదవి విరిచిన సినిమా. దానికి సొంత ప్రేక్షకులు దొరికింది 1969లో, జుట్టు పెంచుకున్న కాలేజీ కుర్రకారు రంగుల మత్తు కోసం దాన్ని వెతుక్కుంటూ వచ్చినప్పుడు. కంపెనీ కూడా తక్కువది కాదు, పోస్టర్లను వాళ్ల అభిరుచికి తగ్గట్టే మార్చేసింది. కాబట్టి స్వర్ణయుగం నడుస్తున్న రోజుల్లో అందులో బంగారం పెద్దగా లేదు. 1941లో స్టూడియో చిత్రకారులు సమ్మె కట్టి గేటు బయట నిలబడ్డారు కూడా. ఆ బంగారమంతా తర్వాత, ఒక్కో పునర్విడుదలకూ కాస్త కాస్త పూసిందే.

ఇక చేతి గీత, యంత్రం తగాదా. అభిమానుల సభలో ఎక్కువ చెమట పట్టేది దీని దగ్గరే. దురదృష్టం ఏమిటంటే రెండు పక్షాల సాక్షులూ అడ్డం తిరుగుతారు.

1959లో వచ్చిన ‘స్లీపింగ్ బ్యూటీ’కి డిస్నీ 60 లక్షల డాలర్లు పోశాడు. ఐవిండ్ ఎర్ల్ గీసిన నేపథ్యాల్లో ప్రతి చెట్టూ పాత యూరప్ తెరచీర మీద అల్లినట్టుంటుంది. పెట్టిన డబ్బు రాలేదు, ఉద్యోగాలు పోయాయి. ఇంత ఖర్చు ఇక వల్లకాదనుకుని, పెన్సిల్ గీతను సిరాతో మళ్లీ దిద్దే పని మానేసి, జిరాక్స్ యంత్రంతో నేరుగా సెల్యులాయిడ్ మీదకు దించడం మొదలుపెట్టారు. ఉబ్ ఐవర్క్స్ దాన్ని స్టూడియో అవసరానికి మలిచాడు. 1961లో అలా వచ్చిందే ‘101 డాల్మేషియన్స్’. వంద కుక్కలు, వాటి ఒంటినిండా మచ్చలు, కదిలే ప్రతి బొమ్మలోనూ. చేత్తో సిరా దిద్దుతూ కూర్చుంటే ఆ సినిమా అసలు తయారయ్యేదే కాదు. అంతకుముందు సిరా దిద్దే అమ్మాయిల సన్నని గీతల్లో మాయమైపోయే చిత్రకారుడి గరుకు పెన్సిల్ గీత ఇప్పుడు తెరమీద ఉన్నదున్నట్టు కనిపించింది. వాల్ట్ డిస్నీకి అదేం నచ్చలేదు. పాత సొగసు పోయిందని నొచ్చుకున్నాడు. ఇవాళ చేతిగీత పక్షంవాళ్లు ముచ్చటపడి చూపించే గీత అదే. యంత్రం వచ్చి చేతిని బయటపెట్టింది. ఈ వ్యాసకర్త ఓటు ఎటని ఎవరైనా నిలదీస్తే, అది ఆ మచ్చల కుక్కలకే.

‘లయన్ కింగ్’ జెండా పరిస్థితి మరీ ఇబ్బందికరం. 1990లో వచ్చిన ‘ది రెస్క్యూయర్స్ డౌన్ అండర్’ నుంచి డిస్నీ సినిమాల్లో రంగులు వేసింది కుంచె కాదు, కంప్యూటర్. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో జంట తిరిగే నాట్యశాల, ‘లయన్ కింగ్’లో సింబా తండ్రి ముఫాసాను బలిగొన్న అడవిదున్నల తొక్కిసలాట, రెండింట్లోనూ కంప్యూటర్ చేయి ఉంది. ఆ తొక్కిసలాట రెండున్నర నిమిషాలకు రెండేళ్లకు పైగా పట్టింది. ఇంకో సంగతి. ఆ రంగులు వేసే కంప్యూటర్ పద్ధతిని డిస్నీతో కలిసి తయారుచేసింది పిక్సార్. అంటే 1995లో ‘టాయ్ స్టోరీ’తో చేతి గీతను తరిమేసిందని ఎవరిమీద ఫిర్యాదో, వాళ్లే అంతకు ఐదేళ్ల ముందునుంచీ చేతి గీతకు రంగులద్దుతున్నారు.

టాయ్ స్టోరీ పక్షం కూడా మీసం మెలేయనక్కర్లేదు. పిక్సార్ తొలి సినిమాకు బొమ్మల కథే ఎందుకు ఎంచుకుంది? అప్పటి కంప్యూటర్‌కు ఏది చూపించినా ప్లాస్టిక్‌లా కనిపించే జబ్బు ఉండేది. మనిషి చర్మం, జుట్టు, బట్ట మడత దానికి లొంగేవి కావు. ప్లాస్టిక్ బొమ్మలే నాయకులైతే ఆ లోపమే అందమవుతుందని గ్రహించారు. ఆ 81 నిమిషాల్లో మనుషులు కనిపించే ముక్కలు ఇప్పుడు చూస్తే కాస్త గుండె గుభేల్మంటుంది. వుడీ, బజ్ మాత్రం చెక్కుచెదరలేదు. 2018లో వచ్చిన ‘స్పైడర్-మ్యాన్: ఇంటూ ది స్పైడర్-వర్స్’ దగ్గరకు వచ్చేసరికి చక్రం పూర్తిగా తిరిగింది. అచ్చులో రంగు పక్కకు జరిగిన పాత కామిక్ పుస్తకంలా, చుక్కలతో, గీతలతో కనిపించడం కోసం కంప్యూటర్లనే కష్టపెట్టారు.

మరి పోట్లాటంతా వృథాయేనా? అలా అనడానికి లేదు. అభిమానులు చెప్పుకునే కారణాలు తప్పుకావచ్చు, అభిమానం తప్పు కాదు. అది ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఆ సినిమా వాళ్లింటికి ఏ దారిన వచ్చిందో అడగాలి.

థియేటర్‌కు ఏడేళ్లకోసారి వచ్చే సినిమా ఒక రకం జ్ఞాపకం మిగులుస్తుంది: ఒక్కసారి చూసి, మిగతాది ఊహలో కల్పించుకున్నది. క్యాసెట్ దాన్ని తలకిందులు చేసింది. డిస్నీ మొదట్లో తన పాత సినిమాలను క్యాసెట్లకెక్కించడానికి ససేమిరా అంది. పునర్విడుదల అనే కామధేనువు పోతుందని భయం. 1985లో ‘పినోకియో’కూ తలుపు తెరిచాక, కొన్నాళ్లు అమ్మి మళ్లీ ఖజానాలో పెట్టి తాళం వేసే పద్ధతి కనిపెట్టింది. 1995లో ‘లయన్ కింగ్’ క్యాసెట్ అమెరికాలో 3 కోట్లకు పైగా అమ్ముడైంది. వాటిని కొన్న ఇళ్లలో పిల్లలు దాన్ని ఒకసారి చూసి ఊరుకున్నారా? జ్వరం వస్తే అదే, వాన పడితే అదే, అమ్మ వంటింట్లో ఉంటే అదే. తొంభైల పిల్లలు ఆ పదేళ్ల సినిమాల మీద అంత మంకుపట్టు పట్టడానికి ఆ సినిమాల గొప్పతనం సగం కారణమైతే, రీవైండ్ బటన్ మిగతా సగం. (స్టూడియోలో చాలామంది ‘పోకహొంటస్’ మీద పనిచేయాలని ఎగబడి, సింహాల సినిమాను చిన్నచూపు చూశారన్నది మరిచిపోకూడదు. తయారుచేసినవాళ్లకే తెలియని గొప్పతనం పక్కింటి పిల్లాడికి తెలిసింది.)

అదే 1999లో బ్రాడ్ బర్డ్ తీసిన ‘ది ఐరన్ జెయింట్’ను వార్నర్ సంస్థ సరిగా ప్రచారం చేయక థియేటర్లలో చేజార్చుకుంది. తర్వాత క్యాసెట్లు, డీవీడీలు, కార్టూన్ నెట్‌వర్క్‌లో రోజంతా అదే పనిగా వేసిన ప్రసారాలు దానికి ప్రాణం పోశాయి. ఇవాళ ఎవరి అభిమాన జాబితాలోనైనా అది ఉంటుంది. వాళ్లలో దాన్ని 1999లో టికెట్ కొని చూసినవాళ్లు బహుకొద్దిమంది. జపాన్‌లో ‘మై నైబర్ టొటోరో’దీ ఇదే దారి. 1988లో దాన్ని ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’తో జతచేసి ఒకే టికెట్ మీద చూపించారు. అడవి దేవుడి బొజ్జ మీద పడుకున్న పసిపిల్ల ఒక సినిమాలో, యుద్ధంలో ఆకలికి చనిపోయే పసిపిల్ల ఇంకో సినిమాలో. ఆ జత కలిపినవాళ్లకు ఓ దండం పెట్టాల్సిందే. వసూళ్లు అంతంతమాత్రం. టీవీలో పడ్డాక, బట్టతో కుట్టిన టొటోరో బొమ్మలు దుకాణాలకెక్కాక అది ఇంటింటి దేవుడైంది, దాన్ని తీసిన జిబ్లీ స్టూడియోకు చిహ్నమైంది.

తెలుగు ఇళ్లలో ఈ దారులు మరింత వంకర. తొంభైల్లో ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో వచ్చిన మోగ్లీ జపాన్‌లో గీసినవాడు, మాట్లాడేది హిందీ, చూసేది తెనాలిలోనో సిద్దిపేటలోనో తెలుగు పిల్లలు. వాల్ట్ డిస్నీ చివరిగా దగ్గరుండి చూసుకున్న 1967 నాటి ‘ది జంగిల్ బుక్’ వీళ్లలో చాలామందికి తర్వాతెప్పుడో తారసపడింది. అందులో మోగ్లీ వీళ్ల కళ్లకు నకిలీవాడిలా కనిపించాడు. అమెరికాలో వాదన పెట్టుకుంటే ఇది మహాపచారం. మన దగ్గర సహజం.

సింబా విషయానికొస్తే, 1994లో ఇంగ్లీషు సినిమాలాడే హాళ్లున్న నగరాల్లో చూసినవాళ్లకు వాడు ఇంగ్లీషు మాట్లాడే సింహం. 2019లో మళ్లీ వచ్చినప్పుడు తెలుగులో సింబాకు నాని గొంతిచ్చారు, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ. 2024లో ‘ముఫాసా’ వచ్చేసరికి ముఫాసాది మహేశ్‌బాబు గొంతు. పాత అభిమానులు 2019 సినిమాను చూసి మండిపడ్డారు, సింహాల ముఖంలో భావమే లేదని. నిజమే, అడవి జంతువుల డాక్యుమెంటరీలాగే ఉంటుంది. ఇంతా చేసి అది కూడా యానిమేషనే. దర్శకుడు జాన్ ఫావ్రో చెప్పిన ప్రకారం అందులో నిజంగా కెమెరాతో తీసిన షాట్ ఒకే ఒక్కటి. కానీ బ్రహ్మానందం, అలీ కలిసి పురుగులు తినే దృశ్యానికి పడీపడీ నవ్విన ఆరేళ్ల పిల్లకు పాతదానితో పోలికే లేదు. ఆ పిల్ల సింబా 2019లో పుట్టాడు, తెలుగులో పుట్టాడు. అదే ఏడాది ‘ఫ్రోజెన్ 2’లో ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార గొంతిచ్చారు. అక్క కూతురి గొంతు బలానికి ఇదీ ఒక కారణం.

కాలం లెక్కను పూర్తిగా చెరిపేసిన సినిమా మాత్రం యుగో సాకో ‘రామాయణ’. డాక్యుమెంటరీ పనిమీద ఇక్కడికొచ్చి రామకథ మోజులో పడిన జపాన్ నిర్మాత, మన దేశపు యానిమేషన్ పెద్దాయన రామ్‌మోహన్, జపాన్ దర్శకుడు కోయిచి సాసాకి కలిసి చేసిన పని. వనరాజ్ భాటియా సంగీతం, సంస్కృతంలో పాటలు. దేవుణ్ణి కార్టూన్ చేస్తారా అని మొదట్లో అభ్యంతరాలూ వచ్చాయి. 1993 జనవరిలో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపించారు. అప్పటి దేశ పరిస్థితుల్లో థియేటర్లకు సరిగా రానేలేదు. ఆ తర్వాత టీవీలో వేసినప్పుడు ఒక తరం పిల్లలు సెలవుల్లో దాన్ని పట్టుకున్నారు. హిందీలో రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రిష్ పురి గొంతులు. ఆ గొంతే అసలు రావణుడి గొంతని వాళ్లు ఇప్పటికీ పట్టు విడవరు. చివరికి 2025 జనవరి 24న, బొమ్మను శుభ్రం చేసి, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు మాటలతో దేశమంతటా విడుదల చేశారు. కొత్త రూపానికి మన రచయిత వి.విజయేంద్రప్రసాద్ చేయి కూడా పడింది. సాకో 2012లోనే పోయారు, రామ్‌మోహన్ 2019లో. ఆ హాల్లో ఒకే వరుసలో ఇద్దరు కూర్చున్నారనుకుందాం. తండ్రికి అది చిన్ననాటి సినిమా, కొడుక్కి నిన్న విడుదలైన సినిమా. సేతువు కడుతున్న వానరాలను చూసి ఇద్దరూ ముందుకు వంగుతారు. యుగాల పట్టికలో దీనికి గడి ఎక్కడుంది?

తెలుగువాళ్లకు బొమ్మల సినిమా తీసే తీరికా, డబ్బూ లేని రోజుల్లో ఆ లోటు తీర్చిందెవరంటే, విజయా సంస్థ. ‘చందమామ’ పత్రిక నడిపిన నాగిరెడ్డి, చక్రపాణులే 1957లో ‘మాయాబజార్’ తీశారు. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడితే పిల్లలకు అది మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనమని తెలియనక్కర్లేదు. ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, అర్ధశతాబ్దం గడిచాక 2008లో ‘ఘటోత్కచ్’ పేరుతో పూర్తి యానిమేషన్ సినిమాకే దర్శకత్వం వహించారు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ణి మరిపించడం ఆ బొమ్మ వల్ల కాలేదు. 2010 జనవరిలో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడైతే ఇంటింటా రెండు పార్టీలు. నలుపు తెలుపుల వెన్నెల పాడైపోయిందని తాతయ్యలు. రంగులు లేకపోతే మేం చూసేవాళ్లమే కాదని మనవళ్లు. రెండు మాటలూ నిజమే.

ఈ రకం సినిమాల్లో ఇంకో మెలిక ఉంది. ఒకే మనిషి వాటిని రెండు వయసుల్లో చూస్తాడు, రెండోసారి ఇంకెవరి వైపో నిలబడతాడు. 2003లో ‘ఫైండింగ్ నీమో’ చూసిన పిల్లాడు చేపపిల్లతో పాటు సముద్రంలోకి పారిపోయాడు. ఇప్పుడు తన కొడుకును ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే తండ్రి చేప భయమంతా తనదే. 2009 నాటి ‘అప్’లో ఇల్లు గాల్లోకి ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూసినవాళ్లు, ఇవాళ ఆ ముసలి జంట పెళ్లి నుంచి చావు దాకా సాగే మొదటి నిమిషాలు దాటి ముందుకు పోలేరు. రెండు సినిమాల్లోనూ ఒక్క ఫ్రేమూ మారలేదు.

ఈ లెక్కన ఇప్పుడు ఇళ్లలో రాజుకుంటున్న తగవు ప్రహ్లాదుడిది. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’. 1967లో ఏవీఎం తీసిన ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. 2025 జులైలో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్‌గా వచ్చింది. మొదటి రోజు పెద్దగా చప్పుడు లేదు. ఆ నోటా ఈ నోటా పాకి వారాల తరబడి ఆడి, మన దేశంలో యానిమేషన్ సినిమాకు ఎన్నడూ రానంత డబ్బు తెచ్చింది. నడకలో బిగువు లేదు, ముఖాలు కొయ్యబారాయి అని పిక్సార్ అలవాటైన కుర్రాళ్లు వంకలు పెడుతున్నారు. ఆ వంకల్లో కొన్ని నిజమే. స్తంభం పగిలాక వచ్చే చివరి ఘట్టానికి మాత్రం వాళ్లూ ఫోన్లు దించారు. అమ్మమ్మ ఒప్పుకోదు. ‘రంగారావు గారు కనుబొమ్మ ఎగరేస్తే చాలురా, ఇంత హంగామా ఎందుకు’ అంటుంది. మనవడు ఆరేళ్లవాడు. రంగారావుగారి సినిమా వాడూ టీవీలో చూశాడు, బాగుందనే అన్నాడు. కాకపోతే వాడి అభ్యంతరం ఒక్కటే, అందులో నరసింహస్వామి మరీ కాసేపే కనిపించాడని.